లేని రూలు

పదేళ్ళ పైమాటే అయింది. ఇన్నేళ్ళూ ఒక అబద్ధాన్ని లోపల పెట్టుకుని తిరిగాను. చెప్పడానికి అరనిమిషం పట్టలేదు. మోయడానికి ఇంతకాలం పట్టింది. అన్నం తింటున్నప్పుడు అది ఉంది. నిచ్చెన మీద నిలబడి ఏసీ విప్పుతున్నప్పుడు ఉంది. నా భార్య నా పక్కన కూర్చుని దేనికో పగలబడి నవ్వుతున్నప్పుడు మరీ ఎక్కువగా ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. నర్సీపట్నంలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు నాది. పనిలో నాకు మంచి పేరుంది, ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడను. కంప్రెసర్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాను. ఈ సంగతి కూడా అంత తిన్నగానే చెబుతాను. సరిగ్గా గుర్తులేదని ఎక్కడా దాటేయను, ఎందుకంటే అన్నీ గుర్తున్నాయి. తొందరపాటులో నోరు జారానని కూడా అనను. ఆలోచించుకునే చెప్పాను. ఆ మాట ఎలా చెబితే నమ్ముతుందో కూడా ముందే ఆలోచించుకున్నాను.

నా భార్య పేరు మారిసెల్. ఫిలిప్పీన్స్ మనిషి. ఇలోయిలో అని సముద్రం ఒడ్డున ఉన్న ఊరు వాళ్ళది. మేం కలిసింది దోహాలో. అక్కడొక ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో నేను ఏసీ టెక్నీషియన్‌ని, ఆమె అదే ఆసుపత్రి ఐసీయూలో నర్సు. మా పరిచయం తిట్లతో మొదలైంది. ఒక మధ్యాహ్నం ఐసీయూలో చల్లదనం తగ్గిందని కబురొస్తే వెళ్ళాను. నిచ్చెనెక్కి డక్ట్ చూస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. ఒక పొట్టి మనిషి వచ్చి నిచ్చెన కింద నిలబడి, ఇక్కడ పడుకున్నవాళ్ళకి చెమట తుడుచుకునే ఓపిక కూడా లేదు, నువ్వు పాటలు పాడుకుంటూ పని చేస్తావా అని ఇంగ్లిష్‌లో కడిగేసింది. నోరు మూసుకుని పని పూర్తిచేశాను. గంట తరువాత అదే మనిషి మా వర్క్‌షాపు దాకా నడిచి వచ్చి, పంచదార పాకంలో వేయించిన అరటిపండు ముక్కలు కాగితం పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. క్షమాపణ చెప్పలేదు. "ఇప్పుడు చల్లగా ఉంది" అని మాత్రం చెప్పింది.

ఆ వార్డులో ఆమెను పని చేస్తుండగా చాలాసార్లు చూశాను. అది మీకు చెప్పకపోతే నేను చేసింది ఎంతటిదో మీకు తెలియదు. బయట ఆమె చిన్నపిల్లలా ఉండేది. బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోయేది, తాళాలు మరిచిపోయేది. వార్డులో అడుగుపెట్టగానే వేరే మనిషి. డాక్టర్లు కూడా ఆమె ఏం చెబుతుందోనని చూసేవాళ్ళు. నేను మొదట ప్రేమించింది ఆ మనిషినే. తరువాత నేను లేకుండా చేసింది కూడా ఆ మనిషినే.

ఇలోయిలోలో పెళ్ళి చేసుకున్నాం. మా అమ్మానాన్నలు అప్పటికే లేరు. రావికమతంలో ఉన్న మా అక్క ఫోన్‌లోనే దీవించింది. నాకు ఊళ్ళో చూసుకోవాల్సిన వాళ్ళెవరూ లేరు, తిరిగి వచ్చి తీరాల్సిన పనీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. తరువాత నేను చాలామందికి వేరేగా చెప్పాను.

మళ్ళీ దోహా వచ్చాక, ఇద్దరి కాంట్రాక్టులూ దగ్గర దగ్గరగా ముగుస్తున్న రోజుల్లో, మారిసెల్‌కి ఐర్లండ్‌లో ఒక ఆసుపత్రి నుంచి ఉద్యోగం వచ్చింది. ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేశారు. ఎంపికైందని తెలిసిన రోజు ఆమె ఏడ్చింది. వాళ్ళింట్లో ఎవరూ అంత దూరం వెళ్ళలేదు. నన్ను పట్టుకుని, "నీకు కూడా వీసా వస్తుందో లేదో కనుక్కో. నువ్వు రాలేకపోతే నేను వెళ్ళను" అని చెప్పింది.

కాగితాల పని ఎప్పుడూ నాదే. ఆమెకు వరసగా నైట్ డ్యూటీలు, పైగా రూల్స్ చదవడం అంటే ఒళ్ళుమంట. నేను అలాంటివి శ్రద్ధగా చదివేవాణ్ణి. మా రూంలో ఎవరికి ఏ వీసా సందేహం వచ్చినా నన్నే అడిగేవారు. అందుకే ఆమె నన్ను నమ్మింది. ఇంకెవరినైనా ఎందుకు నమ్ముతుంది?

మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఆమె ఐర్లండ్ వెళ్ళి ఉద్యోగంలో చేరడం, ఆమె వెనకాల నేను భర్తగా వెళ్ళడం. రెండు, నేను ఇండియా వచ్చేయడం, నా వెనకాల ఆమె భార్యగా ఎంట్రీ వీసా మీద రావడం. రెండో దాని సంగతి నాకు తెలుసు. భారతీయుడి భార్యగా వీసా ఇస్తారు, పొడిగిస్తారు, రెండేళ్ళ కాపురం తరువాత, ఇక వీసా పొడిగింపులు లేకుండా ఉండిపోవడానికి ఓసీఐ కార్డుకి పెట్టుకోవచ్చు. కానీ ఆ వీసా మీద ఉద్యోగం కుదరదు, దానికి వేరే అనుమతులు కావాలి. నర్సుగా చేయాలంటే ఇక్కడ రిజిస్ట్రేషన్ మళ్ళీ ఇంకో కథ. అదీ తెలుసు.

మొదటి దాని గురించి కనుక్కోవడానికి ఒక ఏజెంట్ దగ్గరికి వెళ్ళాను. మలయాళీ, పెద్దమనిషి, ఓపిగ్గా చెప్పాడు. ఆమె పర్మిట్ రాగానే మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కొన్ని నెలల్లో వచ్చేస్తుంది, అక్కడ మీరు కూడా పని చేసుకోవచ్చు, మీ ట్రేడుకి గిరాకీ కూడా ఉంటుంది. ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది? లేచి వస్తుంటే నవ్వుతూ నా భుజం తట్టాడు.

"అదృష్టవంతులు సార్. మీరు డిపెండెంట్‌గా వెళ్తారంతే. భారమంతా మేడమ్‌దే."

పాపం, ఆయన మంచిగానే చెప్పాడు. నాకు మాత్రం ఆ మాట చెవిలో దిగబడిపోయింది.

మా నాన్న పనిచేసే మిల్లు మూతపడ్డాక ఆయనకి ఇంకో పని దొరకలేదు. అమ్మ అంగన్‌వాడీలో టీచరు. ఇంటికి చుట్టాలొచ్చేవారు. ఆయన ముందే, ఆయనకి వడ్డిస్తున్నప్పుడే, నవ్వుతూ వేళాకోళమాడేవారు. "ఏటోయ్, పెళ్ళాం కూడు బాగా వంటబట్టినట్టుందే." నాన్న కూడా నవ్వేవాడు. తరువాత తరువాత చుట్టాలొస్తున్నారంటే గొలుగొండ వైపు చెరకు తోటల్లోకి నడుచుకుంటూ వెళ్ళిపోయి, వాళ్ళు పోయాక వచ్చేవాడు. అలా నడిచి వెళుతున్న నాన్న వీపు నాకు చాలా బాగా గుర్తు.

ఇది సాకుగా చెప్పడం లేదు. మా నాన్న ఎన్ని మాటలు పడినా అమ్మ ఉద్యోగం మాన్పించలేదు. ఆయన చేయని పని నేను చేశాను. కాబట్టి ఆయన పేరు అడ్డం పెట్టుకునే హక్కు నాకు లేదు.

ఏజెంట్ ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళలేదు. సముద్రం పక్క దారిలో చాలాసేపు నడిచాను. అప్పుడే కూర్చుకున్నాను అబద్ధాన్ని. భర్తకి వీసా ఇవ్వరు అంటే ఆమె నమ్మదు. ఆమె వార్డులోనే జోయ్ అని స్నేహితురాలు ఉంది, ఆమెకీ అదే ఉద్యోగం వచ్చింది. జోయ్ మొగుడు వెళితే నా మాట తేలిపోతుంది. అతను ఫిలిప్పీన్స్ వాడు. నేను ఇండియన్‌ని. అదిగో, అక్కడ దొరికింది నాకు సందు. ఎంత తెలివిగా ఆలోచించానో చూడండి. ఇప్పటికీ ఆ తెలివి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

క్యాంటీన్‌లో కూర్చున్నాం. మేం మాట్లాడుకున్నది ఇంగ్లిష్‌లో. తెలుగులో రాస్తున్నాను, అంతే తేడా.

"ఏమన్నారు?" అని అడిగింది.

"ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న భర్తలకి కుదరదట. నువ్వొక్కదానివే కొన్నేళ్ళు ఉండాలి. తరువాతే నాకు చూస్తారట."

"జోయ్ భర్తకి వస్తుందన్నారే?"

"మీ దేశం వాళ్ళకి వేరే, మాకు వేరే. అది రూలు."

ఆమె నా ముఖం వైపే చూసింది. అనుమానంతో కాదు. నన్ను చూసి జాలిపడింది. నా పాస్‌పోర్ట్‌కి జరిగిన అవమానానికి ఆమె బాధపడింది.

"మరి ఇండియాకి?"

"అది సులువు. భార్యగా ఎంట్రీ వీసా వస్తుంది. కలిసి ఉండొచ్చు."

"అక్కడ నేను నర్సుగా చేయొచ్చా?"

"అక్కడికి వెళ్ళాక చూద్దాం. దారి ఉంటుంది."

 ఆమె నా చెయ్యి తీసుకుని, "విడివిడిగా ఉండటానికి పెళ్ళి చేసుకోలేదు కదా" అని, అక్కడే ఫోన్ తీసి ఐర్లండ్ వాళ్ళకి రాలేనని రాసేసింది. రాసి, ఫోన్ బోర్లా పెట్టి, నన్ను చూసి నవ్వింది.

అప్పుడు నాకేమనిపించిందో కూడా చెప్పాలి. సిగ్గనిపించిందని రాస్తే మీకు నా మీద కొంచెం జాలి కలుగుతుంది. కానీ సిగ్గనిపించలేదు. గెలిచాననిపించింది. ఒక ఆడమనిషి నా కోసం అంత వదులుకుందని గర్వంగా కూడా అనిపించింది. ఆమె వదులుకునేలా చేసింది నేనేనన్న సంగతి ఆ క్షణానికి నాకే గుర్తులేనట్టు.

అలా నర్సీపట్నం వచ్చాం. పోలీసు వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్ వీధి గుమ్మంలో నిలబడి, "ఏటండీ, ఈవిడ నేపాలా?" అని అడిగాడు. సంతలో కొండవాళ్ళు ఆమెను చూసి తమలో ఎవరో అనుకుని వాళ్ళ భాషలో పలకరించేవారు. ఆమెకు అది భలే ఇష్టంగా ఉండేది. మా ఎదురింట్లో కిరాణా కొట్టు నడిపే వరహాలమ్మ గారు ఆమెను కూతురిలా చేరదీసింది. మారిసెల్ అన్న పేరు ఆవిడ నోట్లో మరిసమ్మ అయింది, ఇక వీధంతా అదే పేరు. తెలుగు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం ఆవిడలాగే మాట్లాడేది. పొద్దున్నే షాపుకి బయల్దేరుతుంటే, "బేగి వచ్చీ, మళ్ళీ అన్నం సల్లారిపోతాది" అని గుమ్మంలోంచి అరిచేది. కాలవ గట్టున తూటికూర కనిపిస్తే చంటిపిల్లలా గంతులేసింది. వాళ్ళ ఊళ్ళో అదే రోజూ తింటారట. వెల్లుల్లి, వెనిగర్ వేసి వండింది. ఎవరూ పట్టించుకోని ఆకు మా వీధిలో కూరైపోయింది.

సుఖంగా ఉందా? ఉంది. అదే నాకు అడ్డమైంది. ఏడుస్తూ ఉంటే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి అనుకుంటాను. నిజంగా చెప్పేవాణ్ణా? తెలియదు.

నర్సుగా రిజిస్ట్రేషన్ కోసం మొదట్లో చాలా తిరిగాం. ఇది కావాలన్నారు, అది తెచ్చాక ఇంకోటి కావాలన్నారు. ఆమె చదివిన కాలేజీ నుంచి కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. చివరికి ఆమే వద్దు పొమ్మంది. వీధిలోవాళ్ళు బీపీ చూడమని వచ్చేవారు, పుళ్ళకి కట్లు కట్టించుకునేవారు. ఊరికే చేసేది. ఒకసారి ఎవరో, విదేశీ మనిషి ఇలా వైద్యం చేస్తే వీసా పోతుందని భయపెట్టారు. ఆ రోజు నుంచి బీపీ మిషన్ అటక మీద పెట్టేసింది.

వీసా పొడిగింపు వచ్చినప్పుడల్లా నేను హామీ సంతకం పెట్టాలి. ఈమె నా భార్య, నాతోనే ఉంటుంది, ఈమె బాధ్యత నాది అని. మొదటిసారి ఆ సంతకం పెట్టినప్పుడు నాకు హాయిగా అనిపించింది. నా సంతకం లేకపోతే ఆమె ఈ దేశంలో ఉండలేదు. ఆ హాయి ఎలాంటిదో అప్పుడు తరచి చూసుకోలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఒకరి మీద ఆధారపడి నేను ఒక్క రోజు కూడా ఉండలేనన్న చోట, ఆమెను ఏళ్ళ తరబడి కూర్చోబెట్టాను. పైగా దానికి ప్రభుత్వాన్ని తిట్టాను. ఆమె ముందు, గట్టిగా. "ఏం రూల్సో ఇవి, మనుషుల్ని బతకనివ్వరు" అని. ఆమే నన్ను ఊరుకోమనేది.

జోయ్ భర్త ఐర్లండ్ వెళ్ళాడని కబురొచ్చినప్పుడు మారిసెల్ వీడియో కాల్‌లో వాళ్ళ ఇల్లు చూసి, పిల్లల్ని చూసి మురిసిపోయింది. ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చి, "నువ్వు బాధపడకు, రూలు అలాగుంటే నీ తప్పేటుంది?" అంది. మాకు పిల్లలు కలగలేదు. ఆ రోజు నేను లేచి వెళ్ళి ఫ్యాన్ రెగ్యులేటర్ సరిగా లేదని విప్పి కూర్చున్నాను. అది బాగానే ఉంది.

ఓసీఐ కార్డు వచ్చింది. పొడిగింపుల గొడవ పోయింది. నర్సు సంగతి మాత్రం మా మాటల్లోంచి పూర్తిగా పోయింది. పోయిందనే అనుకున్నాను.

కిందటేడు ఒక రోజు చింతపల్లిలో ఒక హోటల్ వాళ్ళ డీప్ ఫ్రీజర్ చూడ్డానికి వెళుతుంటే, అనాసపళ్ళు కొనుక్కుంటానని ఆమె కూడా వచ్చింది. తిరిగి వస్తుంటే ఘాట్‌లో జనం మూగి ఉన్నారు. సంత నుంచి కొండవాళ్ళు వెళుతున్న ఆటో మలుపులో పక్కకి పడిపోయింది. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. ఒకావిడకి తొడ చీరుకుపోయి రక్తం పోతోంది. నేను కారు ఆపేలోపే మారిసెల్ దిగి పరుగెత్తింది.

నా భుజం మీద తువ్వాలు లాక్కుంది. మడిచి ఆ గాయం మీద పెట్టి, నా చెయ్యి పట్టి దాని మీద అదిమింది. "ఇక్కడ నొక్కు. బలంగా నొక్కు. నేను సెప్పేదాకా ఒగ్గకు." ఇంకొకడిని కాళ్ళు ఎత్తి పట్టుకోమంది. అరుస్తున్న ముసలాయన్ని ఒక్క చూపుతో ఊరుకోబెట్టింది. ఆ గొంతు నేను దోహాలో నిచ్చెన మీద నుంచి విన్న గొంతు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్కసారి కూడా వినలేదు. 108 వచ్చి ఆవిణ్ణి ఎక్కించుకుని వెళ్ళాక, మారిసెల్ రోడ్డు పక్క కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటూ ఏదో పాట పాడుకుంది. ముఖం వెలిగిపోతోంది. నేను కారుకి ఆనుకుని నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళలేకపోయాను.

మర్నాడు ఆవిణ్ణి చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాం. బతికింది. కట్టు చూసి, డ్రిప్ చూసి మారిసెల్ ఏవో రెండు ప్రశ్నలడిగితే అక్కడి సిస్టర్, "మీరు నర్సా మేడమ్?" అంది. మారిసెల్ వెంటనే అవునంది. ఆ తరువాత తనే సర్దుకుని, "ఒకప్పుడు" అంది.

ఇంటికొచ్చాక నాతో చెప్పింది, మళ్ళీ ప్రయత్నిస్తానని. విశాఖలో విదేశాలకి నర్సుల్ని పంపే ఆఫీసు ఒకటి చూసుకుంది. ఇద్దరం వెళ్ళాం. అక్కడ ఒక చిన్నమ్మాయి, మర్యాదగా మాట్లాడింది, ఆమె వివరాలన్నీ విని నొచ్చుకుంటూనే చెప్పింది. ఐసీయూ అనుభవం చాలా మంచిదే గానీ, ఇన్నేళ్ళు పని చేయకుండా ఉంటే ఎవరూ తీసుకోరు, ముందు ఎక్కడైనా మళ్ళీ ఆసుపత్రిలో చేసి రావాలి. లేస్తుండగా ఓదార్పుగా ఇంకో మాట కలిపింది.

"అప్పుడు మాత్రం మీకు ఇబ్బందుండదు మేడమ్. సార్‌ని కూడా మీతో తీసుకెళ్ళొచ్చు."

మారిసెల్ నా వైపు తిరిగి, "సూసేవా, రూలు మార్సీసేరు" అంది. ఆ అమ్మాయి ఏదో అనబోయింది. అంతలో ఫోన్ మోగింది, అటు తిరిగింది.

నేను గండం నుంచి బయటపడ్డాను. ఇక ఎవరూ ఎప్పటికీ చెప్పరు. రూలు మారింది అన్న సమాధానాన్ని ఆమే తయారుచేసి నా చేతిలో పెట్టింది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు.

అనకాపల్లి దాటాక ఆమె కిటికీలోంచి చూస్తూ మాట్లాడింది. తనకి చేదైన కబురు గురించి కాదు. "మంచిదే కదా రూలు మారడం. ఇంకో ఆడపిల్ల మనలాగ వొదులుకోనక్కర్లేదు." నిజంగా సంతోషించే అంది. ఎవరో ముక్కూముఖం తెలియని పిల్ల కోసం.

తాళ్ళపాలెం జంక్షన్‌లో టీ కోసం ఆపాను. ఎండ బాగా ఉంది, లారీలు పోతున్నాయి. టీ గ్లాసు ఆమె చేతికిచ్చి చెప్పేశాను. రూలు మారలేదు. అలాంటి రూలు అప్పుడూ లేదు. ఏజెంట్ నాకు వీసా వస్తుందనే చెప్పాడు. నీ వెనక డిపెండెంట్‌గా రావడం ఇష్టంలేక నేను అబద్ధం చెప్పాను. ఇంతే చెప్పాను. నాన్న సంగతి ఎత్తలేదు.

ఆమె టీ తాగలేదు. ఒకే ఒక్కటి అడిగింది. "నేను ఐర్లండ్‌కి రానని రాసినప్పుడు నీకు తెలుసా?" తెలుసు అన్నాను. తల ఆడించింది.

"ఇష్టం లేదని సెప్పుంటే నీతో ఇక్కడికి వచ్చేదాన్నేమో. ఏమో, వచ్చేదాన్నేమో. ఇప్పుడు అది నాకే తెలీకుండా సేసేవు."

ఉద్యోగం పోగొట్టావని అనలేదు. బతుకు పాడుచేశావని అనలేదు. అని ఉంటే ఏదో ఒక జవాబు నా దగ్గర ఉండేదేమో.

గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళి కారులో వెనక సీట్లో కూర్చుంది. మాకవరపాలెం మీదుగా ఇంటి దాకా నేను ముందు, ఆమె వెనక. అద్దంలో ఆమె ముఖం కనిపించేది. నేను చూసినప్పుడల్లా ఆమె బయటికి చూస్తోంది.

రెండు నెలలకి ఆమె ఇలోయిలో వెళ్ళిపోయింది. ఆ రెండు నెలలూ వంట చేసింది, మాట్లాడింది, అవసరమైనంత. అరవలేదు. విడాకులనలేదు. తిరిగి వస్తాననీ అనలేదు. వాళ్ళ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, తన కన్నా చాలా చిన్నవాళ్ళ కింద, మళ్ళీ మొదటి మెట్టు నుంచి చేరింది. అక్కడ కొన్నాళ్ళు చేశాక ఐర్లండో, ఇంకోటో చూసుకుంటుంది. వెళ్ళే ముందు అటక మీద నుంచి బీపీ మిషన్ దింపి తుడిచి వరహాలమ్మ గారికి ఇచ్చి, ఎలా చూసుకోవాలో నేర్పింది.

మొదట్లో అందరికీ వాళ్ళ అమ్మని చూడ్డానికి వెళ్ళిందని చెప్పాను. అలవాటైన నోరు కదా. ఒక సాయంత్రం వరహాలమ్మ గారు కందిపప్పు తూస్తూ, "మరిసమ్మ ఎప్పుడొస్తాది బాబూ?" అని అడిగితే, ఆవిడ ముఖం చూసి మళ్ళీ అదే చెప్పలేకపోయాను. "నేను అబద్ధం ఆడేనండి. దానికి బతుకుతెరువు లేకుండా సేసేను. తెలిసి ఎళ్ళిపోయింది" అన్నాను. ఆవిడ తక్కెడ దించి నన్ను చూసింది. ఓదారుస్తుందనుకున్నానేమో. "మరి ఆ పిల్లని ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూకోబెట్టి సూస్తా ఉన్నావా?" అని, పప్పు పొట్లం కట్టి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది. అది న్యాయమే. నేను దాన్ని మార్చాలని చూడటం లేదు.

మారిసెల్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. వార్డు కబుర్లు చెబుతుంది. కొత్త మానిటర్లు చేతికి అలవాటు కావడం లేదని, కాళ్ళు వాచిపోతున్నాయని, ఒక ముసలాయన తనని పేరు పెట్టి పిలిచాడని. ఆ గొంతు వింటే చాలా అలసిపోయినట్టుంటుంది, చాలా గట్టిగా ఉంటుంది. మా గురించి ఏమీ అనదు. నేను అడగను. క్షమించమని కూడా అడగలేదు. అడిగితే ఆమె నాకు ఇంకో పని చేసిపెట్టాలి కదా. ఇప్పటికే చాలా చేసింది.

మరి ఇదంతా మీకెందుకు చెప్పాను? తేలిక కోసమే. అబద్ధం చెప్పను. తాళ్ళపాలెంలో ఆ మాట నోటి నుంచి వచ్చిన క్షణం, ఎదురుగా ఆమె ముఖం పాలిపోతున్నా, నా రొమ్ము మీద నుంచి ఏదో దిగినట్టయింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను కూడా. కానీ అనిపించింది నిజం. ఆ తరువాత వరహాలమ్మ గారి దగ్గర. ఇప్పుడు మీ దగ్గర. చెప్పిన ప్రతిసారీ నేను కాస్త మంచివాణ్ణి కావడం లేదు, ఆ భ్రమ నాకు లేదు. చేసింది చేసినట్టే ఉంటుంది. దాన్ని దాచే పని ఒక్కటే తప్పింది.

ఆమె రమ్మంటే వెళతాను. డిపెండెంట్‌గానే వెళతాను. రమ్మనకపోతే ఇక్కడే నా షాపులో ఉంటాను. అదేదో ఆమే తేల్చుకుంటుంది, ఈసారి అన్నీ తెలిసి. మా పెళ్ళిలో ఆమెకి అలాంటి అవకాశం రావడం ఇదే మొదలు.